ఉప్పలయ్య కట్టిన పోగులు

మల్లంపల్లి దాటగానే బస్సు టైరు గాలి దిగిపోయింది. జనమంతా కిందికి దిగారు. వాళ్లలో ఒకాయన ఇస్త్రీ చొక్కా నలగకుండా, గ్లాసు ఒంటికి దూరంగా పట్టుకుని టీ తాగుతూ కనిపించేసరికి, ఉప్పలయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికే ఆయన చూడనే చూశాడు.

"ఏందే అన్నా! కండ్లవడుడే బందైతివి. ఏడికెల్లి వస్తానవ్?"

"ములుగుల చెల్లెకు పానం మంచిగ లేదంటే చూసి వస్తాన తమ్మీ."

ఆ ఇస్త్రీ చొక్కాయన మొగిలయ్య. ఇద్దరూ వృక్షశాస్త్రం చెప్పే కిషన్ రావు సారు దగ్గర ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లే. ఉప్పలయ్య అటెండరు, మొగిలయ్య జీపు డ్రైవరు. సారు వైస్ చాన్సలర్ అయ్యాక జీపు పోయి తెల్లకారు వచ్చింది. కారుతోపాటు మొగిలయ్య బంగళాకు వెళ్లాడు. ఉప్పలయ్య మాత్రం ఎండు మొక్కల బీరువాల మధ్యే ఉండిపోయాడు. సారు పోయి ఇప్పటికి రెండేళ్లు.

"నేను యూనివర్సిటీ లైబ్రరీకి పోతాన," అన్నాడు మొగిలయ్య. "సార్ కాయితాలన్ని డబ్బాలల్ల సదురుతాండ్రు. ఆ పని జూసే విజయలక్ష్మి మేడం ఫోన్ జేసింది. సార్ డైరీలల్ల నా పేరు నలభై చోట్ల ఉన్నదట!"

నా పేరో? అని అడగడానికి ఉప్పలయ్యకు నోరు రాలేదు. వేరే బస్సెక్కి హనుమకొండలో దిగి, కొత్తవాడలో ఇంటికి పోవాల్సినవాడు మొగిలయ్య వెంటే లైబ్రరీ మెట్లెక్కాడు.

"మా అన్న, మేడం. అప్పట్ల మాతోనే ఉండెటోడు," అని మొగిలయ్య ఒక్క ముక్కలో పరిచయం ముగించి డైరీల ముందు కూర్చున్నాడు.

ఉప్పలయ్య అతని భుజం మీదుగా చదివాడు. 'మొగిలయ్య ఆలస్యం.' 'మొగిలయ్య జీపును వాగులో దించాడు.' 'మొగిలయ్య తాళంచెవి మళ్లీ పోగొట్టాడు.' అన్నీ తిట్లే. అయినా అవి సారు చేత్తో రాసినవి. డైరీలు రాసేవాళ్ల తీరే అంత, కోపం వచ్చిన రోజునే కలానికి పని చెబుతారు. నమ్మకంగా సాగిపోయిన పని మీద ఒక్క చుక్క సిరా పెట్టరు. అటెండరుగా ఏ ఒక్క రోజూ తప్పు చేయనందుకు ఉప్పలయ్య డైరీలో లేడు. కనీసం ఒక బీరువా తాళమైనా పోగొట్టుకుని ఉంటే బాగుండేది.

పక్క బల్ల మీద ఎండు మొక్కల కట్టలున్నాయి. కొత్త తెల్ల టేపుతో ముచ్చటగా కట్టారు.

"వీటి దారాలేవి బిడ్డా?"

"మాసిపోయినయని కోసేసినం తాతా," అంటూ విజయలక్ష్మి ఒక ప్లాస్టిక్ కవరు చూపింది. "సార్ పుస్తకంల కట్టల నంబర్లున్నయి. 'ఎక్కడ' అన్న గడి మాత్రం మొత్తం ఖాళీ. మొగిలయ్య గారూ, ఏ కట్ట ఏ అడవిదో మీకేమన్న యాదికున్నదా?"

"సార్ ఎటు తిప్పమంటె అటు స్టీరింగ్ తిప్పిన మేడం. అవి ఉట్టిగ కట్టుకునే దారాలు, ఫికర్ జెయ్యకుండ్రి."

ఉట్టి దారాలట!

వానాకాలం అడవిలో చీటీల మీద సిరా నిలవదు. జంపఖానాలు నేసే ఇంట పుట్టిన ఉప్పలయ్య, మగ్గం కింద మిగిలిన రంగు నూలు జేబులో వేసుకుపోయేవాడు. ఏటూరునాగారం మొక్కలకు ఎర్రపోగు, మేడారం దారివాటికి నీలం, పాకాలవాటికి పసుపు. "నీ పోగుండంగ నాకు చీటీ ఎందుకయ్యా?" అనేవాడు సారు. నోటితోనే అన్నాడు. కాగితం మీద పెట్టలేదు. ఆ గడి ఖాళీగా ఉన్నది అందుకే.

ఉప్పలయ్య ఒక కట్ట ఎత్తి అంచు చూశాడు. తడిసిన నూలు రంగు దిగి, పాత వార్తాపత్రిక మీద ఎర్రటి గీత. ఇంకోదాని మీద నీలం. టేపులు విప్పాడు. కవర్లోని పోగులు ఏరి, తెగినచోట ముడేసి, ఏ కట్టది ఆ కట్టకే బిగించాడు. గంటలో బల్ల మీద మూడు కుప్పలు తేలాయి.

విజయలక్ష్మి కలం మూత తీసి పరుగున వచ్చింది. "ఏ రంగు ఏ అడవి తాతా? చెప్పుండ్రి, రాసుకుంట."

"మేడం," అని అటునుంచి మొగిలయ్య, "వాగు ముచ్చటున్న పేజీ జర ఫోటో తీయుండ్రి, ఇంట్ల సూపెట్టాలె."

ఉప్పలయ్య ఆ డైరీని ఒక్కసారి చూశాడు.

"సారే ఖాళీగ ఇడ్శిపెట్టిండు గద బిడ్డా," అన్నాడు.

ఆమె ఫోటో తీసి తల తిప్పేసరికి బల్ల దగ్గర ఎవరూ లేరు. మెట్లు దిగుతున్న ఉప్పలయ్యకు పైనుంచి ఆమె గొంతు వినిపించింది. "మొగిలయ్య గారూ, ఆ తాత పేరేంది? ఇల్లెక్కడ? రాసుకోవాలె, చెప్పుండ్రి."

ఇక ఆ పేరు మొగిలయ్యే తన నోటితో చెప్పాలి. అతనెంత ఆలస్యం చేస్తాడో వినడానికి కూడా ఉప్పలయ్య ఆగలేదు.