వద్దన్నా వచ్చే వీడియోలు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో రాయబోయినా చెయ్యి ఆగిపోయేది.

గుడివాడలో బందరు ప్యాసింజర్ ఎక్కాను. పక్కన బురఖా వేసుకున్న పెద్దావిడ కూర్చుంది. కాసేపటికి మొహమాటపడుతూ తన ఫోన్ నా చేతికిచ్చింది.

"ఇవి రాకుండా చెయ్యగలవా అమ్మా? నేను పాత పాటలే చూస్తాను. అందరూ బాగుందంటే ఆ కొత్త సినిమా ట్రైలర్ ఒక్కసారి చూశాను. అప్పట్నుంచీ అన్నీ మావాళ్ళని తిట్టేవే."

ముస్లింలని విలన్లుగా చూపించినా మా ఇంట్లో అందరూ మెచ్చుకున్న సినిమా అది. తెరమీద అరుస్తున్న మనిషి గొంతు తగ్గించాను.

"పక్కింటి వదిన మీవాళ్ళే. ఆవిడా నేనూ రోజూ సాయంత్రం ఇందులోనే సీరియల్ చూసేవాళ్ళం. మధ్యలో ఇవి వస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ రావడం మానేసింది. ఇవి పోతే మళ్ళీ పిలుద్దామని."

వద్దు, వద్దు అని నొక్కుతూ పోయాను. ఒకటి తీసేస్తే ఇంకొకటి వచ్చేది. పెడన దాటాక పాత పాటలు కనిపించాయి.

"ఇంక రావులెండి" అన్నాను, నమ్మకం లేకపోయినా. ఆవిడ ముఖం తేటపడింది.

చిలకలపూడిలో దిగబోతూ తలుపు దగ్గర ఆగింది.

"ఈమధ్య వదిన కూడా ఫోన్ కొనుక్కుందమ్మా. అందులోకీ ఇవే వస్తుంటాయా?"