అమ్మ కుర్చీలో పల్లం

నిన్న మా వీధి చివర సోఫాలు బాగుచేసే అతను ఓ పాత కుర్చీ సీటు చింపేసరికి, ఏళ్ల తరబడి మగ్గిన కొబ్బరిపీచు వాసన గుప్పుమంది. కూరల సంచీతో అక్కడే నిలబడిపోయాను. డెబ్బై దాటినదాన్ని, ఒక్క క్షణంలో తొమ్మిదేళ్ల పిల్లనయ్యాను.

అప్పుడు మేము ఏలూరులో, మిషన్ స్కూలు వెనక పెంకుటింట్లో ఉండేవాళ్లం. నాన్న ఆ స్కూల్లోనే మాస్టారు. ఓ దొరసానిగారు తమ దేశం వెళ్లిపోతూ ఇచ్చిన భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు మా ఇంటికి పెద్ద సొగసు. వంటింటి గుమ్మం పక్కది అమ్మ కుర్చీ. కొల్లేటి నుంచి తట్టల్లో వచ్చే కొరమీనుల పులుసు పొయ్యి మీద కుతకుతలాడుతున్నా, క్రిస్మస్ ముందు అరిసెల పిండికి బియ్యం నానుతున్నా, అమ్మ అందులోనే కూర్చుని ఏదో ఏరుతూ, తరుగుతూ, సన్నగా కీర్తన పాడుకునేది. అలా కూర్చుని కూర్చుని ఆ సీటు కుంగి, మధ్యలో పల్లం పడింది. ఓ వానాకాలం జ్వరంతో అమ్మ పోయాక, తొక్కుడుబిళ్ల ఆడి వచ్చి ఆ పల్లంలో మోకాళ్లు ముడుచుకుని ఒదిగిపోయేదాన్ని. అచ్చం అమ్మ ఒళ్లో ఉన్నట్టే ఉండేది.

మరుసటి ఏడు కోతల రోజుల్లో నాన్న తాడేపల్లిగూడెం వెళ్లి కొత్త పీచు, గోనెపట్టీలు, నీలం గుడ్డ తెచ్చారు.

"కుర్చీలు బాగుచేద్దామమ్మా. ఇన్‌స్పెక్టరుగారు మనింటికి భోజనానికొస్తున్నారు," అన్నారు.

"అమ్మది వద్దు నాన్నగారూ."

"కుంగిపోయినదాంట్లో పెద్దమనిషిని ఎలా కూర్చోబెడతామే? నీ చేత్తోనే చెయ్యి, అమ్మ సంతోషిస్తుంది."

అమ్మ పేరెత్తాక ఇంకేమంటాను? మూడు రోజులు చేశాం. తుప్పు మేకులు ఊడదీసి, తెగిన పట్టీలు తీసేసి, కొత్తవాటిని అడ్డంగా నిలువుగా అల్లి, నాన్న బిగలాగి పట్టుకుంటే నేను మేకులు కొట్టాను. సుత్తి తగిలి గోరు నల్లబడినా, అమ్మ చూస్తోందనుకుని ఏడవలేదు. ఆమె కుర్చీ ఆఖరున విప్పాం. పల్లం ఆకారంలోనే అట్టకట్టిన పాత పీచును నేనే తీసుకెళ్లి పెరట్లో పడేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అతిథులొచ్చారు. దెందులూరు నుంచి ఓ ముసలాయన, ఆయన భార్య, కనకాంబరాలు పెట్టుకున్న వాళ్లమ్మాయి. ఆ అమ్మాయిని నాన్న తిన్నగా అమ్మ కుర్చీలో కూర్చోబెట్టారు. సీటు కొంచెమైనా కుంగలేదు.

"కుర్చీలు బావున్నాయండీ," అంది ముసలావిడ.

"మా అమ్మాయే చేసిందండీ," అన్నారు నాన్న మురిసిపోతూ.

"ఇన్‌స్పెక్టరుగారు రారా నాన్నగారూ?" అనడిగాను.

నాన్న కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకుంటున్నారు. చివరికి ముసలావిడే నన్ను దగ్గరకు తీసుకుని, "ఇక మీదట మా అమ్మాయే నీకు అమ్మ కదే," అంది. విడిపించుకుని పెరట్లోకి పరిగెత్తాను. పాత పీచు అప్పటికే నీళ్లపొయ్యిలో కాలిపోయింది.

పిన్ని మంచిది. చిక్కుపడ్డ నా జుట్టును ఓపిగ్గా దువ్వేది. ఆమె తప్పేమీ లేదని తెలిసినా దగ్గర కాలేకపోయాను. నాన్న మాటనైతే ఆ తర్వాత ఎన్నడూ నమ్మలేదు. వాన తగ్గిందంటే కూడా బయటికెళ్లి చూసుకునేదాన్ని.

నాన్న పోయిన చాలా ఏళ్లకి పిన్ని ఓ మాట అంది: "నువ్వు నన్నెందుకు పరాయిదాన్లా చూసేదానివో అర్థమయ్యేది కాదే. 'పిల్లకి అంతా చెప్పానండీ, కొత్తమ్మ వస్తోందని కుర్చీలు తనే బాగుచేస్తోందండీ' అని మీ నాన్నగారు మాకు చెప్పారు."

"నాతో ఇన్‌స్పెక్టరుగారొస్తున్నారన్నారు పిన్నీ," అన్నాను.

ఇప్పుడు పిన్నీ లేదు. ఆ పెంకుటిల్లు పడగొట్టేశారు, కొరమీనుల తట్టలు ఇంటి ముందుకు రావు, కుర్చీల్లో అంతా స్పాంజే. పట్టీలు లాగి పట్టుకున్న ఆ మూడు రోజుల్లో ఒక్కసారైనా నిజం నోటిదాకా వచ్చిందా నాన్నగారూ అని అడగాల్సింది. ఆయన ఉన్నన్నాళ్లూ అడగలేదు. ఏం చెప్పినా నమ్మేదాన్ని కాదు.