ఎమిల్ కట్టిన గది

"లేదనాలి, అంతే. ఆ గదిలో మనుషులెవరూ ఉండలేదని ఒక్క మాట అనవే బెర్నీ, నీ సొమ్మేం పోదు," అంది లొరెట్టా కారు నడుపుతూ.

పక్కింటి లొరెట్టా చెప్పేది బెర్నడీన్ మంచికే. క్లీవ్‌లాండ్ శివారులోని ఆ ఇంటికి బెర్నడీన్ పెళ్లికూతురుగా వచ్చింది. ఈ ఏడు పన్నులవాళ్లు ఇంటి విలువ పెంచి రాశారు. పన్ను ఆవిడ పింఛను మీద వచ్చి కూర్చుంది. ఇవాళ పన్నుల మండలి దాన్ని తగ్గించకపోతే ఇల్లు అమ్ముకోవాల్సిందే. తంటా అంతా పెరటివైపు గదితోనే. మొగుడు ఎమిల్ పోస్ట్‌మన్, ఉత్తరాలు పంచడం తప్ప ఉలి పట్టి ఎరగడు. అయినా ఎవరి మాటా వినకుండా సెలవురోజుల్లో తనే కట్టాడు మహానుభావుడు! నేల ఓ పక్కకి ఒరిగింది, కిటికీ సందుల్లోంచి మంచుగాలి దూరుతుంది. అది ఉత్త సామాన్ల కొట్టు అని ఒప్పిస్తే పన్ను దిగుతుంది.

"ఆయన కట్టినదాన్ని నలుగురిలో తిట్టిపొయ్యమంటావా?"

"బతికుండగా నువ్వు తిట్టని రోజుందా?"

ఇద్దరూ నవ్వారు. నిజమే మరి.

పన్నుల మండలిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యనున్నాయన మర్యాదస్తుడు. లొరెట్టా తీసిన ఫొటోలు చూసి తల పంకించాడు.

"నిజమే, పని బాగాలేదు. ఒక్కటే అడుగుతానమ్మా, ఈ గదిలో ఎప్పుడైనా ఎవరైనా ఉన్నారా?"

సాయం చేద్దామనే అడిగాడు. కలం కూడా పట్టుకున్నాడు. లొరెట్టా మోచేత్తో పొడిచింది.

లేదందామనే బెర్నడీన్ నోరు తెరిచింది. కాన్సరొచ్చి మెట్లెక్కలేక ఎమిల్ చివరి ఏడాదంతా ఆ గదిలోనే గడిపాడు. మంచం ఒరగకుండా కోళ్ల కింద చెక్కముక్కలు పెట్టింది తనే. "చూశావా, నా గది నాకే పనికొచ్చింది," అని నవ్వేవాడు పిచ్చి మనిషి. ఇప్పుడు లేదంటే ఆ ఏడాదే లేనట్టు కదా!

"ఉన్నారండి," అంది. "మా ఆయన ఉన్నాడు. అందులోనే పోయాడు."

ఆయన కలం కింద పెట్టేశాడు. "క్షమించండమ్మా. మనిషి ఉన్న గదిని సామాన్ల కొట్టు అని రాయలేను."

కారెక్కాక లొరెట్టా ఊరుకుంటుందా? "నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకున్నావు కదే!"

"అనలేకపోయానే," అని బెర్నడీన్ భోరుమంది.

ఇల్లు అమ్మలేదు. పన్ను కట్టడానికి, చలికాలం రాకముందే మేడంతా ఓ నర్సుకి అద్దెకిచ్చి, బెర్నడీన్ కింద ఎమిల్ గదిలోకి మారింది. చెక్కముక్కలు మూలనే పడున్నాయి. లొరెట్టా మంచం ఎత్తి పట్టుకుంటే రెండు కోళ్ల కింద పెట్టింది. లొరెట్టా వెళ్లాక కూర్చుని చూసింది. మంచం ఇంకా ఒరిగే ఉంది.

"నీ పనితనం మండిపోనూ!" అంది గట్టిగా, అలవాటు కొద్దీ.

నవ్వేవాడు లేడు. ముక్కల్ని ఇంకాస్త లోపలికి నెట్టి, దుప్పటి పరుచుకుంది.