వసంత కొన్న ఛార్జర్

వసంత మా పక్క వాటాలో కిరాయికి దిగిన వారంలోనే ఆమెకూ నాకూ మాటామాటా వచ్చింది. కారణం ఒక దుప్పటి. లింగంపల్లి స్టేషన్‌కు ఇవతల మా కాలనీలో రెండు వాటాలకూ కలిపి ఒకటే వరండా. పొద్దున్నే పేపరు పట్టుకుని బయటికొస్తే నా కుర్చీ వెనక గోడకు తెల్ల దుప్పటి కట్టి ఉంది. నా కుర్చీలో ఎవరో మేస్త్రి తలకు నూనె రాసుకుని, బిగదీసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఈమె చిన్న కెమెరా పట్టుకుని అతని గడ్డం జర పైకెత్తమంటోంది. రైల్వే బుకింగ్ కౌంటర్లో సర్వీసంతా జనం మీద కసురుకున్న నోరు నాది, ఊరుకుంటుందా? ఇదేమన్నా స్టూడియో అనుకున్నావా అని గట్టిగానే అడిగాను. ఆమె తొణకలేదు. ఈ అన్న ఫోటో అయిపోతే మిమ్మల్ని కూడా తీస్తా సార్ అంది. లోపల మా ఆవిడ సుబ్బలక్ష్మి పకపకా నవ్వడం వినిపించింది.

వసంతది జనగామ పక్కన పల్లె. భర్త మధు ఐటీ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. ఆమె మొదట మాదాపూర్‌లో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసింది. ఆ ఆఫీసు పక్కనే పెద్ద బిల్డింగు లేస్తుండేది. అక్కడ కూలి పని చేసేవాళ్ళకు గేట్ పాస్ కావాలి, గేట్ పాస్‌కు ఫోటో కావాలి, ఫోటో కోసం స్టూడియోకు పోతే ఒక పూట పని పోతుంది. వాళ్ళు స్టూడియోకు పోయే బదులు స్టూడియోనే వాళ్ళ దగ్గరికి పోతే ఏమవుతుందని ఆలోచించింది. అంతే, ఉద్యోగం మానేసి, కోఠీలో ఆదివారం సంతలో పాత డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కుంది. గచ్చిబౌలి నుంచి నానక్‌రాంగూడ దాకా ఎక్కడ క్రేన్ కనిపిస్తే అక్కడికి నడిచి పోయేది. మధుకు ఇది బొత్తిగా నచ్చలేదు. నెల తిరిగేసరికి జీతం వచ్చే పని వదిలేసి ఈ ఫోటోలేందని రోజూ సణిగేవాడు.

ఆ కెమెరాకు రెండు పెన్సిల్ సెల్లులు వేయాలి. కిరాణా కొట్లో దొరికే మామూలు సెల్లులను అది మంచినీళ్ళలా తాగేసేది. ఫ్లాష్ నాలుగుసార్లు వెలిగితే చాలు, ఇక ఆరిపోయేది. అందుకని మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునే సెల్లులు కొని, వాటికి ఫుట్‌పాత్ మీద ఒక ఛార్జర్ కొనుక్కుంది. కొన్నాళ్ళు బాగానే నడిచింది.

తర్వాత తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. రెండు వేల పదకొండు, వానలు తగ్గుతున్న కాలం. సింగరేణిలో బొగ్గు తీయడం ఆగిపోయింది, ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి, కరెంటు దాని ఇష్టం వచ్చినట్టు వచ్చి పోతుండేది. మాది తణుకు, ఆంధ్రా వైపు. ఆ రోజుల్లో కాలనీలో నేను నోరు అదుపులో పెట్టుకుని తిరగాల్సి వచ్చేది, అదొక నరకం. ఒకరోజు ఫ్యాన్ ఆగిపోయి చిరాకులో, ఈ సమ్మె ఎవరిని ఉద్ధరించడానికమ్మా, నీ పని కూడా పాడవుతోంది కదా అన్నాను. ఆమె నా వంక సూటిగా చూసింది.

"నా ఫోటోలు ఆగుతున్నయని సమ్మె ఆగాల్నా సార్? సమ్మె సమ్మెనే. నా తిప్పలు నేను పడత."

నాకు ఒళ్ళు మండింది. పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఆ కాలంలో మా కాలనీలో అందరికీ ఒకటే అలవాటు. ఫోనయినా, ఎమర్జెన్సీ లైటయినా, సాకెట్లో పెట్టి స్విచ్ వేసి వదిలేయడమే. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడే ఎక్కుతుందిలే అని. వసంత కూడా సెల్లులను అలాగే ఛార్జర్లో వదిలేసి పడుకునేది. పొద్దున చూస్తే నిండిందన్నట్టు పచ్చదీపం వెలుగుతుండేది. తీరా సైటుకు పోతే సెల్లులు సగంలోనే చేతులెత్తేసేవి. సెల్లులు పాతబడ్డాయనుకుని కొత్తవి కొంది. అవీ నెల తిరక్కుండానే అలాగే తయారయ్యాయి.

ఒక గురువారం అసలు దెబ్బ తగిలింది. నానక్‌రాంగూడ సైటులో పాలమూరు కూలీల కొత్త జట్టు దిగింది. వాళ్ళ మేస్త్రి కొమురయ్య అందరికీ ఫోటోలు తీయమని ఈమెకు కబురు పెట్టాడు. వరసలో సగం మంది కూడా కాకుండానే కెమెరా ఆరిపోయింది. రాత్రంతా ఛార్జర్లో ఉంచి పొద్దున తీసుకెళ్ళిన జత అది. ఫోటో లేనివాళ్ళను మర్నాటి నుంచి గేటు దాటనివ్వమని సెక్యూరిటీవాళ్ళు తెగేసి చెప్పారు. చంకలో పిల్లను ఎత్తుకున్న ఒక ఆవిడ వసంత ముందుకొచ్చి నిలబడింది.

"నీ మిషిన్ సచ్చిపోతే మా కూలి సచ్చిపోవాల్నా?"

వసంత ఆదివారం వచ్చి ఒక్కరు కూడా మిగలకుండా తీస్తానని కొమురయ్యకు మాటిచ్చి వచ్చింది. అప్పుడు కూడా తప్పితే స్టూడియోవాణ్ణి పిలుస్తాను, నువ్వు మళ్ళీ ఈ గేటు వైపు రావద్దని కొమురయ్య చెప్పాడట. ఈ సంగతి విన్న మధు అదే సందని బాచుపల్లిలో ఒక కాలేజీ హాస్టల్లో ఆమెకు హౌస్‌కీపింగ్ పని మాట్లాడేశాడు. సోమవారం నుంచి చేరాలి. ఆదివారం పని జరగకపోతే చేరతానని ఆమె ఒప్పుకుంది. జరిగితే ఆ ఊసెత్తకూడదంది.

ఆమె ఏడుస్తుందేమోనని సుబ్బలక్ష్మి టీ పట్టుకుపోయింది. ఆమె ఏడవడం లేదు. శుక్రవారం పొద్దున్నే చందానగర్ పోయి అప్పు చేసి ఇంకో కొత్త జత తెచ్చి, ఛార్జర్లో పెట్టి, దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తప్పు సెల్లులదా, కెమెరాదా, ఈ డబ్బాదా, తేలేదాకా లేవనంది. పచ్చదీపం వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. ఆ వెంటనే కరెంటు పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. వచ్చీ రాగానే ఛార్జర్ మీద పచ్చదీపం వెలగలేదు, ఎర్రదీపం వెలిగింది. ఆమె పెట్టిన కేకకు నేను అన్నం చేత్తోనే పరిగెత్తాను.

భూతద్దం తెచ్చి దాని వెనక ఉన్న చీమ తలకాయంత అక్షరాలు చదివాను. మిగతావేవీ నాకు అర్థం కాలేదు కానీ టైమర్ అన్న మాట మాత్రం కనిపించింది. ఇన్ని గంటలు ఎక్కించి ఆపెయ్ అని దానికి చెప్పి పెట్టారన్నమాట. అంతే తప్ప సెల్లు నిండిందా లేదా దానికి తెలియదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటి గంట నుంచి లెక్క పెట్టుకుంటుంది. రాత్రికి మూడుసార్లు కరెంటు పోతే నాలుగుసార్లు మొదలెడుతుంది. వసంత సెల్లు తీసి చెంపకు ఆనించుకుని చూసింది. వేడెక్కి ఉంది.

"నిండిన కడుపుల మల్ల మల్ల అన్నం కుక్కుతుంది సార్ ఇది. సెల్లులు సావకేం జేస్తయి?"

నిండగానే దగ్గరుండి తీసేస్తే సరిపోతుంది కదా అని నేను సలహా ఇచ్చాను. రోజంతా దీని ముందర కూర్చుంటే పనికి ఎవరు పోతారని అడిగింది. అదీ నిజమే. పైగా మధ్యలో కరెంటు పోతే ఎంత నిండిందో ఎవరికి తెలుసు? నిండింది లేనిదీ తానే కనిపెట్టి ఆపే ఛార్జర్ కావాలి. రెండు సెల్లులనూ కలిపి కాకుండా దేనికదిగా చూసేది కావాలి, ఎందుకంటే రెండూ ఒకేలా అరగవు. అలాంటిది ఉండే తీరుతుంది, కోఠీకి పోతే దొరుకుతుందని ఆమె తేల్చేసింది. ఇంగ్లీషు చదవడానికి తోడు వెళ్ళమని సుబ్బలక్ష్మి నాకు చెప్పులు తెచ్చి ఇచ్చింది. మా ఇంట్లో దాని అర్థం, ఇక మాట్లాడకు అని.

శనివారం బస్సుల్లేవు. ఎంఎంటీఎస్ రైలు నడుస్తుందో లేదో చెప్పే నాథుడు లేడు. షేర్ ఆటోలో నా మోకాళ్ళు నా గడ్డానికి తగులుతుండగా మెహిదీపట్నం దాకా, అక్కడి నుంచి ఇంకో ఆటోలో నాంపల్లి దాకా, ఆ తర్వాత నడక. దారంతా తిట్టుకుంటూనే నడిచాను. ఎవరిని తిట్టానో నాకే తెలియదు. వసంత మాత్రం శుక్రవారం నిండిన జతను కొంగున ముడేసుకుని నాకంటే ముందు నడుస్తోంది.

కోఠీలో గుజరాతీ గల్లీ అంతా ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లే. ఒక కొట్టాయన తన దగ్గరున్న వాటిలో బాగా పెద్దది తీశాడు. దానికి అంకెలు కనిపించే అద్దం కూడా ఉంది. సేఫ్టీ టైమర్ ఉందమ్మా, నంబర్ వన్ మాల్ అని గొప్పగా చెప్పాడు. టైమర్ అన్న మాట వినగానే మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఆమె ఇంకో రకం చూపించమంది. ఆయన అయిష్టంగా వెనక అరలోంచి దుమ్ము పట్టిన నల్లది ఒకటి తీశాడు. చూడ్డానికి సబ్బుపెట్టెలా ఉంది. సెల్లు పెట్టే ఒక్కో గదికి ఒక్కో దీపం ఉంది. అట్ట మీది అక్షరాలు నేను చదివి చెప్పాను. సెల్లు నిండగానే ఆగుతుందని రాసి ఉంది. రాయడానికేం, ఏదైనా రాస్తారు, పెట్టి చూడాలి అంది వసంత.

ఒక్కో దానిలో ఒక్కో నిండిన సెల్లు పెట్టింది. కొట్టాయనకు చిరాకు మొదలైంది. అంతలోనే గల్లీ అంతా కరెంటు పోయింది. ఆయన ఊపిరి పీల్చుకుని, ఇంకేముందమ్మా, ఏదో ఒకటి తీసుకుని పోండి, దుకాణం చీకటి అన్నాడు. వసంత ఆ మెట్టు మీదే చతికిలబడింది.

"కరెంటు రానీ భయ్యా. వచ్చినంకనే నాకు అసలు పని."

ఎండ గోడెక్కింది. నేను రెండుసార్లు టీ తాగాను, మూడుసార్లు విసుక్కున్నాను. ఆమె కదల్లేదు. చివరికి కరెంటు వచ్చింది. పెద్దదాని అద్దంలో అంకెలు మళ్ళీ సున్నా దగ్గర మొదలయ్యాయి. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, దానిలో సెల్లు వేడెక్కడం మొదలెట్టింది. నల్లదాని దీపం కూడా ఎర్రగానే వెలిగింది. వసంత రెప్ప వేయకుండా చూస్తోంది. ఒకరిద్దరు బేరగాళ్ళు వచ్చి పోయేంతలో ఆ దీపం పచ్చబడింది. ఆమె సెల్లు తీసి చెంపకు ఆనించుకుంది. తర్వాత నా చెంపకు కూడా ఆనించింది. గోరువెచ్చగా ఉంది, అంతే. పక్క గదిలోకి మార్చి, అక్కడా అలాగే ఆగుతుందో లేదో కూడా చూసి, అప్పుడు బేరం మొదలెట్టింది. కొట్టాయన, ఇన్నేళ్ళలో ఇలా పరీక్షించి కొన్నవాళ్ళు లేరమ్మా అని తనంతట తానే ధర తగ్గించాడు.

ఆదివారం సైటుకు నేనూ వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు, ఉండబట్టలేక వెళ్ళాను. రాత్రి ఎన్నిసార్లు కరెంటు పోయిందో ఆ ఛార్జర్‌కే తెలియాలి. మిగిలినవాళ్ళంతా వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ స్టూలు మీద కూర్చుంటున్నారు, లేస్తున్నారు, ఫ్లాష్ వెలుగుతూనే ఉంది. పిల్లను ఎత్తుకున్న ఆవిడ వంతు వచ్చింది. ఆమె కళ్ళు మూసింది. అంతకుముందైతే సెల్లు పోతుందని వసంత అదే చాలనేది. ఇప్పుడు మళ్ళీ తీసింది. మళ్ళీ మూసింది, మళ్ళీ తీసింది. నాలుగోసారికి కళ్ళు తెరుచుకుని, నోరంతా తెరిచి నవ్వింది. వసంతకు కూడా నవ్వాగలేదు. వరస అయిపోయింది, ఒక్కరు కూడా మిగల్లేదు.

ఆమెను తీసుకుపోవడానికి మధు వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంకో రెండు జట్లు దిగుతున్నాయి, ఇకనుంచి రోజూ రావాల్సి ఉంటుంది, నీకు కూడా పాస్ ఉంటే నయమని కొమురయ్య అన్నాడు. సెక్యూరిటీ ఆయన కాగితం తీసి, పేరు రాసుకుని, పని అని ఉన్న గడి దగ్గర ఆగి, లేబరేనా అని అడిగాడు. వసంత కెమెరా నా చేతిలో పెట్టి స్టూలు మీద కూర్చుంది.

"ఫోటోగ్రాఫర్ అని రాయి అన్నా. సార్, మీరు చెయ్యి కదలనియ్యకుండ తియ్యిండ్రి."

తీశాను. మధు జేబులోంచి ఫోను తీసి బాచుపల్లి హాస్టల్‌కు చేశాడు. మా ఆమె రేపు రాదు, ఆమెకు పనుంది అని చెప్పాడు.