వార్డులో చెక్‌పోస్టు

మాది జూలూరుపాడు. మావారు ఫారెస్టు గార్డుగా చేసి రిటైరయ్యారు. కొన్నేళ్లుగా ఆయనకు మతిమరుపు జబ్బు. పోయిన వానాకాలం జ్వరమొస్తే ఖమ్మంలో ఆసుపత్రిలో చేర్పించాను. అక్కడ నిమిషం మంచం మీద ఉంటే ఒట్టు! సెలైన్ సూది పీకేసుకుని, డ్యూటీకి పోవాలని ఒకటే గొడవ. నర్సమ్మేమో "గట్టిగ పట్టుకోవాలె గదమ్మా!" అని నా మీద కస్సుమంది.

విసిగిపోయి, "ఇయ్యాల మీ డ్యూటీ ఈ చెక్‌పోస్టులనే. మంచం దిగొద్దని రేంజర్ సారు చెప్పిండు" అన్నాను. మంత్రం వేసినట్టు కుదురుగా కూర్చున్నారు. బతికానురా దేవుడా అనుకుని, అన్నం తేవడానికి కిందికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మంచం మీంచే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు! సంచిల ఏముంది? పర్మిట్ చూపియ్."

"అన్నం! నేను మీ పెండ్లాన్ని!"

"గిట్ల చెప్పేటోళ్లను మస్తుమందిని చూసిన. మా ఇంటామెకు తెలిస్తే నీ పని చెప్తది."

వార్డంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒళ్లు మండి, ఆసుపత్రివాళ్లు నాకిచ్చిన అటెండెంట్ పాసు ఆయన ముఖం ముందు పెట్టాను. తిప్పి తిప్పి చూసి చెయ్యి తీశారు.

"అడవిలకు ఒక్కదానివే పోతున్నవ్, పైలం తల్లీ. పొద్దుగూకకముందే ఇంటికి పో."

ఇంటికట! నేను ఇంటికి పోతే ఈ మహానుభావుడికి అన్నం ఎవరు కలిపి పెడతారు?

డిశ్చార్జి రోజు పాసు తిరిగివ్వమన్నారు. పోయిందని చెప్పాను. ఇంట్లో నాకు దాంతో రోజూ పనుంది.