డిస్కు అడుగున చలికాలం

“నువ్వు చేసిన ఏర్పాటు వల్లే కదా మా హెల్వీ గొంతు పోయింది?”

కెనడాలోని థండర్ బేలో మంచు స్కేట్లకు పదును పెట్టే దుకాణం వెనక గదిలో రెయినో హకాలా ఈ మాట అడిగినప్పుడు డొరీన్ కొవల్‌చుక్ తల కూడా ఎత్తలేదు.

“గొంతు కోసింది డాక్టరు. నేనిచ్చింది ల్యాప్‌టాప్. కూర్చో, ముసలోడా. కోటు మీది మంచు నా బల్ల మీద కార్చకు.”

జ్ఞాపకాలను కాపాడే పుణ్యాత్మురాలని డొరీన్‌కు ఊళ్లో పేరు. ఆవిడ కాపాడేది డిస్కుల్ని. డబ్బు తీసుకుంటుంది, తిడుతుంది కూడా. కాగితం మిల్లులో కంప్యూటర్లు చూసేది. మిల్లు మూతపడ్డాక ఈ గది అద్దెకు తీసుకుని, ముసలి కంప్యూటర్లకు విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఇస్తోంది. అదే మిల్లులో పనిచేసిన రెయినోకూ అలాగే ఒకటిచ్చింది.

మార్చిలో రెయినో భార్య హెల్వీకి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. తీసేస్తారని ముందే తెలుసు గనక చలికాలమంతా రెయినో ఆమె చేత మాట్లాడించి రికార్డు చేశాడు: రొట్టెపిండి కలిపే పద్ధతి, పక్కింటివాళ్ల మీద చాడీలు, మొగుడి మీద తిట్లు. అన్నీ బయటి హార్డ్‌డిస్కు కోసం డొరీన్ పెట్టిచ్చిన ఫోల్డర్లోనే దాచాడు. ఏప్రిల్లో తెరిచి చూస్తే అందులో పాత చేపలవేట ఫోటోలు తప్ప మరేమీ లేవు.

డొరీన్ ల్యాప్‌టాప్‌కు డిస్కు తగిలించి, ఏమేం కనబడుతున్నాయో జాబితా అడిగింది. తెర మీద డిస్కు పేరు, దాని కింద డిస్కులో ఫైళ్లుండే భాగం, అంటే పార్టిషన్, పక్కనే అది తెరుచుకున్న ఫోల్డరు.

“డిస్కు కనబడింది, పార్టిషన్ బాగుంది, మౌంట్ కూడా అయింది, అంటే ఫోల్డర్లో తెరుచుకుంది. ఇందులో రికార్డులు ఎప్పుడూ పడలేదు.”

“పడ్డాయి! ఈ కళ్లతో చూశాను.”

“చలికాలంలో దీని కరెంటు ప్లగ్గు పీకావా?”

“నేనెందుకు పీకుతాను?”

రెయినో పక్కనే కూర్చున్న హెల్వీ ఒళ్లోని పలక మీద ఒక్క మాట రాసి డొరీన్ వైపు తిప్పింది: ‘కారు.’

రెయినో రికార్డు చేసే గరాజు గదిలో ఒక్కటే ప్లగ్గుంది. చలి మొదలవగానే, గడ్డకట్టకుండా కారు ఇంజను వేడిచేసే తీగ అందులోనే పెట్టాలి. ఈ ఊళ్లో మొగుళ్లు పెళ్లాం పుట్టినరోజు మరిచిపోతారు గానీ ఆ తీగను మరిచిపోరు. కారు కోసం డిస్కు ప్లగ్గు పీకాడు, ల్యాప్‌టాప్‌ను వంటింట్లో చార్జి చేసుకున్నాడు. చలి తగ్గాక డిస్కు ప్లగ్గు మళ్లీ పెట్టాడు.

డొరీన్ ల్యాప్‌టాప్ సెట్టింగులు తెరిచింది. డిస్కు లేకపోయినా యంత్రం గోల చెయ్యకుండా లేవాలని అమరికల్లో ఒక చిన్న మాట రాసిపెట్టింది తనే. ముసలివాళ్లు కంగారు పడకూడదని. ఆ దయే కొంప ముంచింది. లినక్స్‌లో డిస్కు ఏదో ఒక ఫోల్డర్లో తెరుచుకోవాలి. డిస్కు లేనప్పుడు అది ఉత్త ఫోల్డరు. అందులో వేసినవి యంత్రం లోపలే పడతాయి. తర్వాత డిస్కు వచ్చి నేల మీద చాపలా దాని మీద పరుచుకుంటే, అడుగున ఉన్నవి చెరిగిపోవు, కనబడవు అంతే.

ల్యాప్‌టాప్ లోపలి డిస్కులో ఎంత నిండిందో చూసింది. పైకి కనబడే ఫైళ్లన్నీ కలిపినా అందులో సగం కూడా లేవు.

“కిందేదో ఉంది,” అని చాప చుట్టేసినట్టు బయటి డిస్కును అన్‌మౌంట్ చేసింది.

చేపలు మాయమయ్యాయి. వాటి చోట చలికాలం, తేదీల వారీగా. డొరీన్ ఒకదాన్ని నొక్కింది.

“రెయినో, ఆ బూట్లతో లోపలికొచ్చావంటే నీకు కాఫీ లేదు.”

రెయినో చప్పున తన కాళ్ల వైపు చూసుకున్నాడు. హెల్వీ భుజాలు ఎగరేసి ఎగరేసి నవ్వింది. నవ్వుకు చప్పుడు లేదు. పోయిన గొంతు తిరిగొచ్చిందని ఊరు చెప్పుకుంటుంది గానీ, రాలేదు. దొరికింది రికార్డులు. ఆ తేడా గదిలో అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. అయినా పలక మీద ‘ఇంకోటి’ అని రాసింది.

వాళ్లు వింటుండగానే డొరీన్ రికార్డులను రెండుచోట్లకు ఎక్కించి, అమరికల్లో తను రాసిన ఆ మాట కొట్టేసింది.

“ఇకమీదట డిస్కు లేకపోతే ఇది మొరాయిస్తుంది. లేవదు.”

“పొద్దున్నే మా ఆవిడలాగ,” అన్నాడు రెయినో. హెల్వీ పలక అతని భుజం మీద పడింది.

కూలి నలభై డాలర్లు. తప్పులో సగం తనదేనని డొరీన్ ఇరవై తగ్గించింది. మిగతా సగం తప్పు కారుదని, కారునే అడగమని రెయినో అన్నాడు.

ఆ ఇరవై డాలర్లు ఇంకా రాలేదు.