తుమ్ముల మధ్య గుంటూరు

ఆ రోజుల్లో మా ఊరి మీద ఉన్నంత నమ్మకం నాకు నా మీద కూడా ఉండేది కాదు. గుంటూరులో చూడటానికి ఏముందని ఎవరైనా అంటే, కూర్చోబెట్టి మరీ చెప్పేవాణ్ణి. అమరావతిలో కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడు, పక్కనే బౌద్ధ స్తూపం, ఉప్పలపాడు చెరువులో ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాలే పక్షులు, కోటప్పకొండ, సూర్యలంక సముద్రం... అన్నీ చెప్పి, 'ఇవన్నీ ఒక ఎత్తు, మా మిర్చి యార్డు ఒక ఎత్తు' అని ముగించేవాణ్ణి. (విన్నవాళ్ళు లేచి వెళ్ళిపోయాక కూడా ఇంకాస్త చెప్పేవాణ్ణని మా అమ్మ అంటుంది.)

అలాంటి నాకు విశాఖపట్నం నుంచి సంబంధం వచ్చింది. అప్పట్లో నేను బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఫోటో చూసిన దగ్గర్నుంచీ, ఈ సంబంధం తప్పిపోతే ఎలాగన్న బెంగతో నాకు అన్నం సహించలేదు. అమ్మాయి మాత్రం ఒక షరతు పెట్టింది. "అబ్బాయి సరే, ఊరు చూడాలి. సముద్రం పక్కన పెరిగినదాన్ని, ఎండ తప్ప ఏమీ లేని ఊళ్ళో ఉండలేను" అందట. ఆ మాట వినగానే నా బెంగ ఎగిరిపోయింది. నన్ను చూసి కాదన్నా అనొచ్చు గానీ, గుంటూరును చూసి ఎవరు కాదంటారు?

అమ్మాయి, వాళ్ళ నాన్నగారు వచ్చి లాడ్జిలో దిగారు. ఆయనకు శకునాల పట్టింపు బాగా ఎక్కువ. పొద్దున మెట్లు దిగుతుంటే ఎవరో తుమ్మారని మళ్ళీ గదిలోకి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మరీ బయల్దేరారు. అది కళ్ళారా చూసి కూడా, కారు తోలుతున్న మా బాబాయి (యార్డులో కమీషన్ వ్యాపారి) "ఒరేయ్, ముందు యార్డు చూపిద్దాం. అమరావతి యాడికి పోయిద్ది?" అన్నాడు. నేను సై అన్నాను. ఆ ఘాటులోనే పుట్టి పెరిగిన ముక్కులు మావి. అక్కడ ఘాటు ఉంటుందన్న సంగతే ఇద్దరికీ తట్టలేదు.

మార్చి నెల, సరుకు ముమ్మరంగా వచ్చే కాలం. యార్డు నిండా టిక్కీలు, అదే, మిర్చి బస్తాలు, కొండల్లా పేర్చి ఉన్నాయి. ఎక్కడ చూసినా ఎరుపే. పెద్దాయన కాసేపు తేరిపార చూసి, తల పంకించి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఊరు దివ్యంగా ఉంది బాబూ. ఇక మా అమ్మాయి విషయంలో..." అంటూ తుమ్మారు.

ఒకటే తుమ్ము. ఆయన మొహం పాలిపోయింది. (ఒంటి తుమ్ము అపశకునమనీ, వెంటనే రెండోది వస్తే దోషం లేదనీ ఆయన లెక్క.) ఆయన పైకి చూస్తూ నిలబడ్డారు. నేను ఆయన ముక్కు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంటే లాగేసుకుందామా అనిపించింది. నా బతుకులో ఎవరి తుమ్ము కోసమూ అంతగా ఎదురుచూడలేదు. దేవుడి దయవల్ల రెండోది వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు మూడోది. ఆపైన అమ్మాయి అందుకుంది. ఇక తండ్రీకూతుళ్ళు వంతులవారీగా తుమ్ముతుంటే, ఎన్నైతే శుభమో, ఎన్నైతే కాదో లెక్కల మాస్టారినైన నాకే అంతుబట్టలేదు.

మా బాబాయికి ఓపిక నశించింది. "అయ్యా, ఈడ కూడా తుమ్ముకి శకునం చూత్తే గుంటూర్లో ఒక్క పెళ్ళన్నా అయ్యిద్దా అండీ?" అన్నాడు గట్టిగా.

అమ్మాయి పకపకా నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, ముక్కు ఎర్రబడింది, అయినా నవ్వుతూనే ఉంది. నేను అప్పుడే పూర్తిగా పడిపోయాను. "మీకెందుకు తుమ్ము రావట్లేదు?" అని నన్నడిగింది.

"అలవాటండీ. ఏడాదిలో మీకూ అలవాటైపోతుంది" అన్నాను ధీమాగా.

"ఓహో, ఏడాది ఉంటానని మీరే తేల్చేశారా?" అంది. కాదని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం అమరావతిలో, కృష్ణ నీళ్ళతో మొహం కడుక్కుని తేరుకున్నాక పెద్దాయన సరే అన్నారు.

ఊరిని అంతలా పొగిడినవాణ్ణి నేనే, దాన్ని వదిలిపెట్టిందీ నేనే. పెళ్ళయిన కొన్నేళ్ళకు, మంచి జీతం వస్తుందని విశాఖపట్నంలో ఒక కాలేజీలో చేరాను. పిల్లల చదువుల కోసం మా ఆవిడ గుంటూరులోనే ఉండిపోయింది. నేను సెలవులకు వచ్చిపోయే చుట్టాన్నయ్యాను. ఈమధ్యనే రిటైరై వచ్చేశాను. మొన్న మా అబ్బాయికి కాబోయే అత్తమామలు ఊరు చూస్తామంటే, "ముందు యార్డుకు వెళదామండీ, అమరావతి ఎక్కడికి పోతుంది?" అంది మా ఆవిడ, అచ్చం మా బాబాయిలాగే. టిక్కీల మధ్య నిలబడి వాళ్ళకు రకాల పేర్లన్నీ గడగడా చెప్పేస్తోంది. నేను గర్వంగా గొంతు సవరించుకుని, 'మా ఊళ్ళో...' అని మొదలుపెట్టబోయి తుమ్మాను.

అందరూ నా వైపు తిరిగారు. ఆవిడ చీర కొంగు అందిస్తూ, నాకు మాత్రమే వినపడేలా అంది: "రెండోది కూడా తుమ్మేయండి, దోషం పోతుంది. ఏడాది ఉంటే మీకూ అలవాటైపోతుంది."